సువార్తమ్మ పలక ముక్క

సువార్తమ్మ చేతుల మీద పడని బిడ్డ తర్లుపాడులో అరుదు. రైతుల ఇంట్లో పెద్దకోడలికైనా, చర్చి వీధిలో కూలి తల్లికైనా నొప్పులు మొదలైతే ఆమెకే కబురు పోయేది. ఆమె రొంటిన ఎప్పుడూ ఒక నల్ల పలక ముక్క ఉండేది. మార్కాపురం గనిలో పలకలు చీల్చే రోజుల్లో మొగుడు తెచ్చిచ్చింది. దాని అంచు సానబట్టి బొడ్డు కోసేది. కోశాక అదే పలకను రాతి మీద అరగదీసి, ఆ పొడి బొడ్డుకు అద్దేది. ఇనుము తగిలితే బిడ్డకు గాలి సోకుతుందని తన అత్త చెప్పిన మాట.

ఇనుము తగలకపోయినా గాలి సోకుతూనే ఉండేది. వారం తిరిగేలోపు పాలు మానేసి పోయే పిల్లలు ఏ ఊళ్ళోనైనా ఉన్నారు. సొంత కూతురు సౌభాగ్యమ్మ తొలిచూలు కొడుకూ అట్లాగే పోయాడు. పచ్చి బాలింత మిట్టమధ్యాహ్నం వాకిట్లోకి పోయి గాలిని వెంటబెట్టుకొచ్చిందని ఆమె అత్త మగ్దలీనమ్మ అంది. ఆ మాట సౌభాగ్యమ్మ కూడా నమ్మింది. అప్పటినుంచి తలెత్తి మాట్లాడడం మానేసింది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

ఆ ఎండాకాలం, మార్కాపురంలో పంతుళ్ళను తయారుచేసే మిషను కాలేజీ వాళ్ళు సెలవుల్లో ఖాళీగా ఉన్న గదులు తెరిచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు బడి పెట్టారు. మగవాళ్ళకు అక్షరాలు, మంత్రసానులకు పురుడు పోసే పద్ధతి. సంఘపెద్ద ఇస్సాకు వచ్చి పిలిస్తే సువార్తమ్మ నవ్వింది.

"నాకు నేర్పేదానికి ఆ టీచరమ్మ ఎంతమందిని కనిందంట?"

"ఇంకా పెండ్లే కాలేదంట పెద్దమ్మా."

"అయితే పోయి నేనే నేర్పొస్తాలే" అని జొన్నరొట్టెలు మూటగట్టుకొని బయలుదేరింది.

టీచరు సామ్రాజ్యం కర్నూలులో నర్సు పని నేర్చిన పిల్ల. గుడ్డబొమ్మకు బొడ్డుతాడు మాదిరి దారం కట్టి, ఎవరెట్లా కోస్తారో చూపమంది. అర్ధవీడు నుంచి వచ్చిన సుబ్బులమ్మ కొడవలి తీసింది.

"అది గడ్డికి దాచుకో వదినా" అంటూ సువార్తమ్మ తన పలక తీసి, కోసి, పొడి అద్ది చూపింది. మెచ్చుకుంటారని తలెత్తింది.

సామ్రాజ్యం మెచ్చుకోలేదు. పలకను చేతిలోకి తీసుకుని మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, బిడ్డ దవడలు బిగుసుకొని రొమ్ము పట్టదా? ముట్టుకుంటే చాలు, ఒళ్ళు విల్లు మాదిరి వంగుతాదా?"

సువార్తమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తన మనవడు పోయిన తీరు ఈ పిల్లకు ఎవరు చెప్పారు?

"అది గాలి కాదు. పశువులు తిరిగే మన్నులో ఉంటాది ఆ రోగం. కోసేదాంతో, అద్దే పొడితో బొడ్డులోంచి లోపలికి పోతాది. బ్లేడూ దారమూ నీళ్ళలో బాగా మరగబెట్టాల. పొడి మాత్రం వద్దే వద్దు."

ఆ తర్వాత సామ్రాజ్యం ఏం చెప్పిందో సువార్తమ్మ చెవిన పడలేదు. సొంత మనవడు కదా అని, వాడు పుట్టిన రోజు పొడి ఇంకొంచెం ఎక్కువే అద్దింది.

"ఏంది వదినా, అట్ల పాలిపోయినావు?" అంది సుబ్బులమ్మ.

బడి వదిలాక ఆమె తన ఊరికి పోలేదు. నేరుగా కూతురి అత్తగారి ఊరు త్రిపురాంతకం పోయింది. మగ్దలీనమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది.

"రా వదినా. చదువైపోయిందా? ఇంక ఇంగిలీషులో పురుడు పోస్తావా?"

సువార్తమ్మ కూర్చోలేదు. పలక తీసి అరుగు మీద పెట్టింది.

"సౌభాగ్యం వాకిట్లోకి పోయినందుకు కాదు వదినా బిడ్డ పోయింది. నా చేత్తో పోయినాడు. ఇదిగో, దీంతో."

చాట ఆగిపోయింది. గడపలో నిలబడిన సౌభాగ్యమ్మ అంతా విన్నది. తల్లి వైపు చూడలేదు, పలక వైపే చూసింది.

"ఇన్నాళ్ళూ నేనే చంపుకున్నా అనుకున్నా" అంది.

"ఈ కానుపుకు నేను చెయ్యి పెట్టను అమ్మే. ఆ టీచరమ్మను పిలిపిస్తా. ఆమె బ్లేడూ దారమూ నీళ్ళలో మరగబెట్టి కోస్తాది."

సౌభాగ్యమ్మ గిరుక్కున లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందనుకుంది సువార్తమ్మ. లోపల పొయ్యి మీద కుండ పెట్టిన చప్పుడైంది.

"నీళ్ళు ఎంతసేపు మరగాలంట?"

ఆ గొంతులో కోపం తగ్గలేదు. సువార్తమ్మ చెప్పబోయింది. టీచరమ్మ ఆ లెక్క చెప్పేటప్పుడు తను విననేలేదని అప్పుడు గుర్తొచ్చింది.