బాయిలర్ పనివాడికి మఫ్లర్ ఎందుకు?

మంగళవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఆగి ఉన్నాను. మా పాత బ్యాచ్ గ్రూపులో ఒక్క వాక్యం వచ్చింది. సార్ నిద్రలోనే పోయారట. ఆయన ఇల్లు ఆ సిగ్నల్‌కి రెండు సందుల లోపలే. ఆటో అటు తిప్పమన్నాను.

సార్ అంటే పదకొండేళ్ల కిందట అమీర్‌పేటలో నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పిన మాస్టారు. ఇలాంటి వ్యాసం దిగులుగా మొదలుపెట్టాలని నాకూ తెలుసు. దిగులు లేక కాదు. కానీ నిన్న, ఆదివారం, సార్‌తో నాకున్న పదకొండేళ్ల వాదన ఒకటి తేలిపోయింది. ఓడింది నేనే. ఓడినందుకు ఇంత సంబరంగా ఉంటుందని అనుకోలేదు. పరుగున వెళ్లి చెప్పాల్సిన మనిషి లేడు కాబట్టి మీకు చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా వినండి.

ఎవరో రాసిన ప్రోగ్రాం అనుకున్నట్టు నడుస్తోందా లేదా అని చూడటమే టెస్టింగ్. సార్ మొదటి రోజు బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశారు. ఎడమవైపు ‘ఎక్స్‌పెక్టెడ్’, అంటే జరగాలనుకున్నది. కుడివైపు ‘యాక్చువల్’, నిజంగా జరిగింది. "రెండు ఒక్కతీరుగుంటే ముందుకు పోవాలె. తేడా కొట్టిందా, గక్కడ ఆగాలె. అసలు సంగతి గక్కడుంటది," అన్నారు. ఆయన ప్రపంచాన్నంతా అలాగే చూసేవారు. కొత్త మార్కర్‌ని ముందు తన అరచేతి మీద గీసి చూసేవారు. కింద బండి దగ్గర చాయ్ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "పాస్" అనేవారు. మేం డబ్బాలో తెచ్చుకున్న ఉప్మా ఫెయిలైన రోజులూ ఉన్నాయి.

ఆయనకో ఆనవాయితీ ఉండేది. ఏ బ్యాచ్ అయినా సరే, కోర్సు ముగిసే ఆదివారం పొద్దున ఒక విదేశీ సినిమా వేసేవారు. ఎప్పుడూ ఆ ఒక్కటే. తెర లేదు, తెల్లబోర్డు మీదే బొమ్మ. ఎవరో పాత విద్యార్థి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాడట. కింద సబ్‌టైటిల్స్ లేవు. మొదట్లో పేరు పడుతుంది గానీ ఆ లిపి మాలో ఎవరికీ రాదు. ఏ దేశమో కనుక్కుందామని ఒకడు ఫోన్ తీస్తే సార్ లాక్కుని జేబులో పెట్టుకున్నారు. "మాట తెల్వకపోవుడే మన అదృష్టం. మూతులు చూడకుండ్రి, చేతులు చూడుండ్రి," అన్నారు.

కథ చెబుతాను. మంచు కురిసే ఊళ్లో రెండు గదుల ఇల్లు. నాయనమ్మ, అమ్మ, నాన్న, పదేళ్ల పిల్లవాడు. నాన్న పక్క వీధి ఫ్యాక్టరీలో బాయిలర్‌కి బొగ్గు ఎగేసే పనిలో ఉంటాడు. ఒకరోజు గేటు మీద కాగితం అంటిస్తారు. నాన్న లోపలికి వెళ్లి తన మగ్గూ పాత బూట్లూ సంచిలో వేసుకుని వచ్చేస్తాడు. పని పోయిందని ఇంట్లో చెప్పడు. మర్నాడూ టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి వెళ్తున్నట్టే వెళ్తాడు. బడి ఎగ్గొట్టిన పిల్లవాడికి రైల్వేస్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్న నాన్న కనిపిస్తాడు. స్తంభం చాటు నుంచి చూసి వెనక్కి వెళ్లిపోతాడు. ఆ సాయంత్రం నాన్న బాయిలర్ గురించి ఏవేవో కల్పించి చెబుతుంటే, పిల్లవాడు నమ్మినట్టే ఊకొడుతూ ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. అక్కడ సార్ సినిమా ఆపేవారు. "పోరడు పెద్దోడైంది గీడనే," అనేవారు. చెప్పిన ప్రతిసారీ ఆయన బోర్డు వైపు తిరిగిపోయేవారు, మేం చూడనట్టు నటించేవాళ్లం.

సినిమా అయ్యాక బోర్డు మీద ఒకే ప్రశ్న. భార్యకు తెలుసా?

తెలియదన్నాను నేను. గట్టిగా, లేచి నిలబడి మరీ అన్నాను. తెలిస్తే అడగదా, ఏడవదా, అంత మామూలుగా డబ్బా కట్టి పంపుతుందా అని వాదించాను. సార్ నవ్వి, తెలుసన్నారు. రుజువేదన్నాను. "నువ్వే దొరకబట్టాలె బిడ్డా. నేను జెప్తే గది నా టెస్టింగ్ అయితది, నీది గాదు."

నేనంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అప్పటికి మూడు నెలలుగా మా అమ్మకు అబద్ధం చెబుతున్నాను. తణుకులో మా ఇంట్లో అందరూ అడిగి అడిగి చంపుతుంటే, బంజారా హిల్స్‌లో ఉద్యోగం వచ్చేసిందని ఒకరోజు ఫోన్‌లో అనేశాను. ఉద్యోగం లేదు, ఉన్నదల్లా హాస్టల్లో ఒక మంచమూ ఈ క్లాసూ. అమ్మ రోజూ పదకొండింటికి ఫోన్ చేసేది. నేను మెట్ల మీదకొచ్చి, గొంతు తగ్గించి, మీటింగు ఇప్పుడే అయిందమ్మా అని మొదలుపెట్టి అరగంట మాట్లాడేదాన్ని. ఒకసారి అలా మాట్లాడుతుండగా సార్ పైకొస్తూ విన్నారు. పక్కనుంచి క్లాసులోకి వెళ్లిపోయారు. ఆ వారంలోనే మా టీ విరామం పదిన్నర నుంచి పదకొండుకి మారింది. చాయ్ బండివాడి వీలు కోసం అన్నారు. సరే అనుకున్నాం.

అబద్ధం మొదలైన ఏడు నెలలకు నిజంగానే ఉద్యోగం వచ్చింది. అబద్ధం తనంతట తానే నిజమైపోయింది కదా అని అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. కొత్త బ్యాచ్‌లతో కూర్చుని ఆ సినిమా ఇంకో మూడుసార్లు చూశాను. ప్రతిసారీ సార్‌తో అదే గొడవ, ప్రతిసారీ ఆయన అదే నవ్వు. పండగలకి ఫోన్ చేసినా ముందు, "ఏమాయె, దొరికిందా?" అనేవారు.

మంగళవారం వాళ్లింటికి వెళ్తే మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మొన్నసుత అడిగిండు, తణుకు పిల్ల ఇంకా తెల్వదనే అంటుందా అని," అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, అక్కడ ఏడ్చేశాను. ఈ ఆదివారం పాత విద్యార్థులందరూ కలిసి ఆ బొమ్మ వేయమని ఆవిడే చెప్పారు.

నిన్న అమీర్‌పేటలో, నాలుగో అంతస్తులోని మా పాత క్లాసు గది కిటకిటలాడింది. కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. ఎవరో చాయ్ గుక్క తాగి "పాస్" అంటే అందరం ఏడుస్తూనే నవ్వాం. సినిమా మొదలైంది. నేను పట్టుదలగా మూతులు వదిలేసి చేతులే చూస్తున్నాను. నాన్న ఉద్యోగం పోయిన మర్నాటి పొద్దున. ముందువైపు పిల్లవాడు మంచం కింద దూరి బూటు వెతుక్కుంటున్నాడు. నాలుగుసార్లూ అందరిలాగే నేనూ ఆ బూటునే చూశాను. ఈసారి వెనకాల గుమ్మం దగ్గర అమ్మ చేతులు చూశాను. నాయనమ్మ పెట్టెలోంచి అమ్మ ఒక ఉన్ని మఫ్లర్ తీసి నాన్న మెడకు రెండు చుట్లు చుట్టింది. కొసలు కోటులోకి దోపింది.

మంచు కదా, మఫ్లర్ కట్టదా అంటారేమో. ముందురోజూ మంచే కురిసింది! మెడకు ఏమీ లేకుండానే వెళ్లాడు. పక్క వీధి ఫ్యాక్టరీ, అక్కడ బాయిలర్ ముందు బనీను మీద చెమటలు కక్కుతూ పని. అలాంటివాడికి మఫ్లర్ ఎందుకు? ఇవాళ అతను రోజంతా బయట చలిలో కూర్చుంటాడని తెలిసిన మనిషి మాత్రమే అది కడుతుంది. ఆమెకు మొదటి రోజే తెలుసు. "దొరికింది సార్" అని పైకే అరిచాను. గదంతా నావైపు తిరిగింది. సినిమా ఆపించి, వెనక్కి తిప్పించి, మఫ్లర్ చూపించాను. గది గోలగోలైపోయింది.

ఆ గోలలోనే నాకు మా అమ్మ పదకొండింటి ఫోన్లు గుర్తొచ్చాయి. మెట్ల మీదకు వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. మొదట్లో ఉద్యోగం వచ్చిందని చెప్పాను చూడు అమ్మా, అని నసిగాను.

"వచ్చిందన్న ఏడు నెలలకు వచ్చింది," అంది అమ్మ. వెనక పోపు చిటపటలు వినిపిస్తున్నాయి.

నీకెలా తెలుసన్నాను.

"ఆఫీసులో ఉన్నదానివైతే పదకొండింటికి అరగంట కబుర్లు చెబుతావా ఏంటే? రోజూ ఎత్తేదానివి. ఓ సోమవారం ఎత్తలేదు, మర్నాడూ ఎత్తలేదు. గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చాను."

అవును, ఆ తర్వాతే అమ్మ ఫోన్లు సాయంత్రానికి మారాయి. పదకొండేళ్లుగా నాకది తట్టనే లేదు. మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే ఇంకో అబద్ధం ఆడాలి కదా నువ్వు. ఆ వేళప్పుడు ఒక్కదానివీ ఏం తోచక కూర్చుంటావని చేసేదాన్ని," అంది. కూర మాడుతోందని పెట్టేసింది.

ఆ మెట్ల మీదే కూర్చున్నాను. నేను అప్పట్లో కూర్చున్న మెట్టే అది. టీ విరామం పదకొండుకి ఎందుకు మారిందో అప్పుడు అర్థమైంది. చాయ్ బండి పొద్దున ఆరింటి నుంచీ అక్కడే ఉండేది.

లోపలికి వెళ్లేసరికి కుర్రాళ్లు ఆ మఫ్లర్ సీను మళ్లీ వేస్తున్నారు. మార్కర్ తీసుకుని, సార్‌లాగే అరచేతి మీద గీసి చూసుకుని, బొమ్మ పడుతున్న చోటే బోర్డు మీద నిలువు గీత గీశాను. ఎడమవైపు ‘అమ్మకు తెలియదు’ అని, కుడివైపు ‘అమ్మకు తెలుసు, సార్‌కీ తెలుసు’ అని రాశాను. ఎవరూ అడ్డం జరగమనలేదు. పక్కకు తప్పుకుని చూశాను. నా అక్షరాల మీద మంచు కురుస్తోంది. మెడకు మఫ్లర్ చుట్టుకున్న ఆ నాన్న, చేతిలో డబ్బాతో ఎడమవైపు నుంచి మెల్లగా నడుస్తూ గీత దాటుతున్నాడు.