దుప్పటి అంచులు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, రేపు బంద్ అనగా ఎల్‌బీ నగర్ స్టాపులో విజయవాడ బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒకాయన సంచీ మీద ముతక దుప్పటి మడతపెట్టి పెట్టుకున్నాడు. ఊరెళ్తున్నారా అని అడిగాను.

"లేదు మేడం, ట్రైనింగుకు పోయొస్తున్న. ఫైర్ స్టేషన్ల చేస్త."

"దుప్పటి ఎందుకండీ?"

"మీటింగులకాడ మమ్మల్ని నిలబెడ్తున్రు గద. ఎవలన్న ఒంటికి నిప్పు పెట్టుకుంటే ఎట్ల ఆర్పాల్నో మల్లొక్కసారి నేర్పిన్రు. ఇంటికాడ గూడ చేసి చూసుకోమన్నరు."

లేచి నిలబడి దుప్పటి విప్పాడు. పై అంచుని రెండు పిడికిళ్ల మీదికి మడిచి, ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు.

"చేతులు లోపటుండాలె. ముఖం కనపడొద్దు," అంది దుప్పటి వెనక నుంచి గొంతు.

మళ్లీ మడతపెట్టి కూర్చున్నాడు. నా మాటతీరు వింటే మాది కోస్తా అని తెలిసే ఉంటుంది. ఆ సంగతి ఎత్తలేదు.

"ఎప్పుడైనా అవసరం పడిందా?" అన్నాను.



"ట్రైనింగుల బొమ్మను నిలబెడ్తరు మేడం. బొమ్మ ఉరకదు."

ఇంతలో నా బస్సు వచ్చింది. "జర పైలం," అని జాగ్రత్త చెప్పాడు. తలూపి ఎక్కేశాను.

ఇప్పటికీ ఆరిన దుప్పట్లు మడతపెట్టేటప్పుడు రెండో కొస మా ఆయన పట్టుకుంటారు. చేతులు అలా అంచుల్లో దాచుకుంటావేంటి అని అడుగుతారు.

అలవాటండీ, అంటాను.