పుస్తకం వెనక చీటీ చూసే మాస్టారు

మా లెక్కల మాస్టారు పోయారని పోయిన ఆదివారం పొద్దున నాన్న ఫోన్ చేసి చెప్పారు. "నిద్రలోనే పోయారంటమ్మా. నేను నందిగామ వెళ్తున్నా" అన్నారు. ఫోన్ పెట్టెయ్యబోతూ, "నీ కాలేజీ సీటు సంగతి ఆయన తర్వాతెప్పుడన్నా ఎత్తారా నీ దగ్గర?" అని అడిగారు. లేదన్నాను. నిజంగానే ఎత్తలేదు.

మీలో ఆ రోజుల్లో నందిగామలో ఇంటర్ చదివినవాళ్ళుంటే ఆయన్ని గుర్తుపడతారు. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, జేబులో సొంత సుద్దముక్కలు. సొంతూరు వీరులపాడు, ఉండేది నందిగామలోనే. నేను జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. బస్సు ఆలస్యమై క్లాసు సగంలో గుమ్మం దగ్గర నిలబడితే ఆయన కోప్పడేవారు కాదు. అయిపోయిన లెక్కను బోర్డు మీద ఓ మూల నాకోసం తుడవకుండా ఉంచేవారు. "ముందు అది ఎక్కించుకో. తర్వాత మాతో కలుద్దువుగాని" అనేవారు.

అప్పట్లో ప్రతి వేసవికీ హైవే పక్కన ఏదో ఒక కొత్త ఇంజనీరింగ్ కాలేజీ బోర్డు లేచేది. ఎంసెట్ ర్యాంకులు రాగానే అందరూ రంగురంగుల బ్రోషర్లు ముందేసుకుని కూర్చునేవారు. మాస్టారు మాత్రం టిఫిన్ బాక్సు కట్టించుకుని, బస్సెక్కి ఆ కాలేజీలు చూసొచ్చేవారు. "సంబంధం చూడ్డానికి పదిసార్లు తిరుగుతారు. పిల్ల నాలుగేళ్ళు చదివే చోటుని ఒక్కసారి చూసి రారేవండీ?" అని తల్లిదండ్రుల్ని అడిగేవారు.

నా ర్యాంకు వచ్చిన వేసవిలో నన్నూ నాన్ననీ వెంటబెట్టుకుని వెళ్ళారు. మొదట చూసింది మా ఊరి నుంచి కాలేజీ బస్సు నడిచే కొత్త కాలేజీ. అద్దాల గుమ్మం, ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయని కంప్యూటర్లు. నాన్న ముఖం వెలిగింది. మాస్టారు లైబ్రరీలోకి వెళ్ళి ఒక లావుపాటి పుస్తకం తీసి, చివరి అట్ట తిప్పి, అక్కడ అంటించిన చీటీ నాకు చూపించారు. దాని మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు.

"దీన్నెవరూ ఇంటికి తీసుకెళ్ళలేదమ్మాయ్."

వారం తర్వాత రైల్లో యూనివర్సిటీ కాలేజీకి వెళ్ళాం. పాత రాతి కట్టడం, కిర్రుమనే ఫ్యాన్లు. అక్కడి లైబ్రరీలో మాస్టారు తీసిన పుస్తకంలో చీటీ నిండిపోయి, దాని మీద మరొకటి, ఆ మీద ఇంకొకటి అంటించి ఉన్నాయి. మార్జిన్లో ఎవరో పెన్సిలుతో రచయిత లెక్కనే దిద్దారు. పొడవాటి వరండాలో నలుగురమ్మాయిలు నేల మీదే డ్రాయింగ్ షీటు పరుచుకుని వాదించుకుంటున్నారు. వాళ్ళ పక్కన నాకు చోటున్నట్టే అనిపించింది.

"ఆడపిల్లండి మాస్టారూ. రోజూ సాయంత్రానికి ఇంటికి రావాలండి" అన్నారు నాన్న, తిరుగు రైల్లో.

"మీ భయం నాకు తెలుసండి. కానీ చదివేది తను. తన్నే చెప్పనివ్వండి."

విజయవాడలో కౌన్సెలింగ్. మాస్టారిని లోపలికి రానివ్వలేదు. నా పేరు పిలిచేసరికి తెర మీద యూనివర్సిటీలో సివిల్ సీటొకటి మిగిలి ఉంది. కొత్త కాలేజీలో కంప్యూటర్స్ కావలసినన్ని ఉన్నాయి. "నీ ఇష్టం తల్లీ" అన్నారు నాన్న. సర్టిఫికెట్ల ఫైలు తాడు విప్పి మళ్ళీ ముడేస్తున్నారు. నేను ఆ ఫైలు వంకే చూస్తూ కొత్త కాలేజీ పేరు చెప్పాను. నాన్న కాదనలేదు. యూనివర్సిటీ పేరు నేనే చెప్పలేకపోయాను.

బయట మాస్టారు మూడు మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. విని, ఒక ప్యాకెట్ నా చేతిలో పెట్టారు. తర్వాత, "సరే. ఇక దాన్ని మంచి కాలేజీ చెయ్యడం నీ పని. ఆ చీటీ మీద మొదటి తేదీ నీదే పడాలి" అన్నారు.

పడింది. కాలేజీ తెరిచిన రెండో రోజునే ఆ పుస్తకం ఇంటికి తెచ్చాను. సెలవుల్లో కనబడితే మార్కులు అడిగేవారు కాదు, "ఎన్ని తేదీలయ్యాయి?" అనేవారు. ఫైనలియర్‌లో, చీటీ నిండి రెండోది అంటించారని చెబితే, క్లాసులో ఎప్పుడూ చూడనంత గట్టిగా నవ్వారు.

ఆ చదువుతోనే ఉద్యోగం చేస్తున్నాను. నాకు లోటేమీ జరగలేదు. అయినా ఎక్కడైనా పాత కట్టడంలో పొడవాటి వరండా కనబడితే కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. అక్కడికే వెళ్ళుంటే ఎలా ఉండేదాన్ని సార్ అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన ఎదట ఆ మాట బయటికి రాలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. నన్ను ఆ వరండాలో ఊహించుకుని చూసిన మనిషి ఆయనొక్కరే.

కౌన్సెలింగ్ నుంచి తిరిగొస్తున్న ఆ సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. మూడు సీట్ల బెంచీలో కిటికీ పక్కన నేను, మధ్యలో నాన్న, ఆ చివర మాస్టారు. ఇబ్రహీంపట్నం దాటేసరికి మాస్టారికి నిద్ర పట్టి, తల నాన్న భుజం మీదికి ఒరిగింది. రైల్లో ఆయనతో వాదించిన మా నాన్న, ఆ భుజం కదపకుండా బిగుసుకుని కూర్చున్నారు. నందిగామలో బస్సాగింది. కండక్టరు గట్టిగా కేక వెయ్యబోతుంటే, నాన్న రెండో చెయ్యి పైకెత్తి, "ఒక్క నిమిషం బాబూ, నేను లేపుతా" అన్నారు, చాలా మెల్లగా.