మామయ్యా పసుపు దీపమూ

మా మామయ్య మనుషుల మాట వినడు, దీపాల మాట వింటాడు. మనిషి ఎంత మొత్తుకున్నా కుర్చీలోంచి కదలనివాడు, ఏ యంత్రం మీదైనా బొట్టంత దీపం వెలిగితే చాలు, చేతిలో పని వదిలేసి లేచి నిలబడతాడు.

ఉద్యోగం కోసం వచ్చి వాళ్ళింటి పై గదిలో ఉంటున్నాను కాబట్టి ఇవన్నీ నేను కళ్ళారా చూసినవే. ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఉన్న ప్రతి త్రాసునూ అనుమానించాడు గానీ దీపాన్ని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. ఒకసారి లిఫ్టులో బరువు ఎక్కువైందని ఎర్రదీపం వెలిగితే తాను దిగిపోవడమే కాక పక్కనున్న ముగ్గురినీ దింపేశాడు.

"దీపం ఆరిపోయిందండీ" అన్నాడు అందులో ఒకాయన.

"ఆరింది సరే. ఊరికే వెలుగుతుందా?" అని ఐదంతస్తులూ వాళ్ళను మెట్లెక్కించాడు.

అన్ని దీపాల్లోకీ కారులోని పసుపు దీపమంటే ఆయనకు మరీ భక్తి. టైర్లలో గాలి తగ్గితే వెలిగే దీపమది. గిన్నెలో ఆశ్చర్యార్థకం నిలబెట్టినట్టుంటుంది. అది వెలిగిందంటే బండి ఎక్కడుంటే అక్కడ ఆగాల్సిందే. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఈయన గాలి కొలిచే గేజీ పెట్టుకుంటాడు. బ్యాంకులో సంతకం చేయమంటే ఓసారి దాన్నే తీసి కాగితం మీద గీశాడు. అత్తయ్య స్నేహితురాలి కూతురి పెళ్ళికి బయలుదేరితే దారిలో దీపం వెలిగింది. మేము చేరేసరికి జనం భోజనాలు ముగించి చేతులు కడుక్కుంటున్నారు.

"ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి నేను చెప్పేది ఒక్క ముక్క వినలేదు. నా నుదుటి మీద కూడా ఓ పసుపు బల్బు పెట్టించుకోవాల్సింది" అంది అత్తయ్య.

"అది వెలిగితే తప్పకుండా ఆగుతాను" అన్నాడు మామయ్య. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

ఈ ఏడాది ఆ దీపం ఆయన్ను నిజంగా పరీక్షించింది. నాలుగు చక్రాల్లోనూ గాలి సరిగ్గానే ఉంది, దీపం మాత్రం ఆరదు. మా వీధి చివర పంక్చర్లు వేసే ముసలాయన ఉన్నాడు, అందరూ టైర్ల తాత అంటారు. మామయ్య బండిని అక్కడికి తోయించుకుని వెళ్ళాడు. తాత నాలుగు చక్రాలూ తట్టి, సబ్బునీళ్ళు పూసి, చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా లోపం లేదు. ఆ తర్వాత రెండు రోజులకు దీపం ఆరింది. మూడు రోజులకు మళ్ళీ వెలిగింది. మళ్ళీ తాత కొట్టు. ఇలా ఐదు వారాలు గడిచాయి.

మా ఆఫీసులో కారున్న ఒకాయన దారి చెప్పాడు. "దాని మీద నల్ల టేపు అతికించెయ్యమనండి."

ఆ మాట ఇంట్లో చెప్పినందుకు మామయ్య నాతో రెండు పూటలు మాట్లాడలేదు. "దాని అంతు చూసేదాకా వదలను" అన్నాడు. మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన టైర్ల షోరూముకు తీసుకెళ్దామంటే, "తాత మొదలుపెట్టిన పని తాతే పూర్తి చెయ్యాలి" అని మొండికేశాడు.

ఒక ఆదివారం పొద్దున బట్టలు ఆరేయడానికి కిందికి దిగాను. కారు దగ్గర బుస్సుమని చప్పుడు. చూస్తే డిక్కీ తెరిచి ఉంది. మామయ్య నడుం దాకా అందులోకి దూరి ఉన్నాడు. ఇంటి తాళంచెవితో స్టెప్నీ చక్రం గాలి పిన్ను నొక్కుతున్నాడు.

"ఏం చేస్తున్నావ్ మామయ్యా?"

"గాలి చూస్తున్నా."

"చూస్తున్నావా, తీస్తున్నావా?"

ఆయన చుట్టూ చూశాడు. "మెల్లగా మాట్లాడమ్మా. మీ అత్తయ్య వింటుంది."

అప్పుడు చెప్పాడు. రెండోసారి వెలిగినప్పుడే కారుతో వచ్చిన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాడట. ఈ బండికి స్టెప్నీలో కూడా సెన్సారుంది. అందరూ నాలుగు చక్రాలే చూశారు. ఐదోదాంట్లో గాలి కాస్త తగ్గింది, మొదటిసారి ఎండ వేడికి ఉబ్బి దీపం దానంతటదే ఆరిందట. కాలి పంపుతో నింపగానే దీపం ఆరిపోయింది.

"ఆ కబురు చెబుదామని నడిచి తాత కొట్టుకెళ్ళా. ఆయన పనిముట్లన్నీ తుడిచి గోనెసంచిలో వేస్తున్నాడు. మోకాలి ఆపరేషనుకని రెండు నెలలు మూశాడు కదా, ఈలోగా జనమంతా ఆ అద్దాల షోరూముకి అలవాటు పడ్డారు. ఈ నెలాఖరుకి కొట్టు ఎత్తేస్తానన్నాడు. అంటూనే, మీ దీపం సంగతి ఏమైంది సార్, నిద్రపట్టలేదు అనడిగాడు. నాకు నోరు రాలేదమ్మా. ఇంకా వెలుగుతోందన్నా. అంతే, సంచిలోంచి గేజీ బయటికి తీశాడు."

"అంటే అబద్ధమాడావన్నమాట."

"నాకు అబద్ధం అలవాటు లేదు. అందుకే ఇంటికొచ్చి గాలి తీసి నిజం చేశా."

అప్పటి నుంచి మూడు రోజులకోసారి గాలి తీయడం, కొట్టు ముందు బండి గంటసేపు నిలపడం, ఇంటికొచ్చి నింపడం, "మీ చెయ్యి పడగానే ఆరిపోయింది" అని తాతకు చెప్పడం. దీపం వెలిగితే అంగుళం కదలని మనిషి, దాన్ని కళ్ళెదుట పెట్టుకుని వీధి చివరిదాకా బండి నడిపేవాడు. "ప్రాణం పోయినట్టుంటుంది. అయినా నడుపుతా" అన్నాడు పళ్ళు బిగించి. ఆగి ఉన్న బండిని చూసి ఒక ఆటో ఆగిందట, తర్వాత ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ స్కూటరు, ఆపైన స్కూలు వ్యాను. నెలాఖరు దాటిపోయింది. గోనెసంచి మళ్ళీ కనిపించలేదు.

తర్వాతి వారం మామయ్యకు జ్వరం. వద్దన్నా వినకుండా నా చేతికి తాళం ఇచ్చి, "తాత ఎదురు చూస్తుంటాడు" అని కారుతో పంపాడు. కొట్టు దగ్గర నాకంటే ముందు రెండు బళ్ళున్నాయి. నా వంతు రాగానే తాత చక్రాల వైపు చూడనైనా లేదు. తిన్నగా డిక్కీ తెరిచి స్టెప్నీ మీది చాప ఎత్తాడు.

"మీకు తెలుసా?" అన్నాను.

"నలభై ఏళ్ళ నుంచి ఇదే పనమ్మా. రెండో వారమే సారు చూడకుండా డిక్కీ తెరిచి చూశా. పిన్ను చుట్టూ తాళంచెవి గీతలున్నాయి."

"మరి మామయ్యకు చెప్పలేదేం?"

"రిటైరైన మనిషి కదా, ఎక్కడికి పోవాలో తోచక ఈ వంకతో వస్తున్నాడనుకున్నా. నాలుగు చక్రాలూ చూసేదాకా కబుర్లు చెబుతూ కూర్చుంటాడు. ఐదోది కూడా చూశానని తెలిస్తే ఇంక రాడేమో." ఆయన పాత పిన్ను విప్పి, పెట్టెలోంచి కొత్తది తీసి బిగించాడు. "ఇది బాగా బిగుసుకుపోయింది. పాపం సారు తాళంచెవితో తెగ అవస్థ పడుతున్నట్టున్నాడు. మెత్తటిది వేశా. ఇకమీదట గోటితో నొక్కినా గాలి పోతుంది. నేను మార్చానని మాత్రం చెప్పకమ్మా."