చార్జింగ్ ఎక్కని జీపు

కోవిల్‌పట్టి బైపాస్ పక్కన రేకుల షెడ్డులో చెల్లసామి బండ్ల కరెంటు పని చేస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. చేతి నిండా పనుంది, ఒంట్లో ఓపికుంది, లేనిదల్లా మాట్లాడే మనిషి. పిల్లలు లేరు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి, భార్య కాళియమ్మాళ్, నాలుగేళ్ల కిందట పోయింది. బయట ఎప్పుడూ తమిళమే. ఇప్పుడు ఇంటికెళ్తే అదీ లేదు.

తెలుగులో మాట్లాడ్డానికి మిగిలింది వెంకటసుబ్రమణియన్. కళుగుమలై అవతల నల్లరేగడిలో సేద్యం చేసే పెద్దాయన. ఆయన పాత ఫోర్‌వీల్ జీపు బ్యాటరీ దిగిపోయి ఆర్నెల్లుగా మొరాయిస్తోంది. పదిహేను రోజులకోసారి దాన్ని ట్రాక్టరుకు కట్టి తెచ్చేవాడు. బ్యాటరీ చార్జింగ్‌లో ఉన్నంతసేపూ ఇద్దరూ వానల గురించీ, మక్కచేను తొక్కిన అడవిపందుల గురించీ తెలుగులో మాట్లాడుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే, లోపం ఎక్కడుందో చెల్లసామి గట్టిగా వెతకలేదు. వెతకాలనిపించలేదు.

ఆరోజు జీపు తనే నడుపుకొచ్చిన పెద్దాయన దిగుతూనే గొంతు పెంచాడు.

"చెల్లసామీ, ఇదే ఆకరు. విరుదునగర్‌లో ఆల్టర్నేటర్ కొత్తది ఏయించినా. బ్యాటరీ మార్చినా. అయినా చార్జింగ్ ఎక్కదు. ఈ పొద్దు కుదర్లేదంటే రేపు పాత ఇనుముకు ఏసేస్తా."

"ఎవరు సెప్పినారు మామా మార్చమని?"

"నువ్వు ఏమీ సెప్పలేదు గదా! ఇంగొకడు సెప్పినాడు."

ఆ మాట సూటిగా తగిలింది. చెల్లసామి బానెట్ ఎత్తాడు. ఇంజన్ స్టార్ట్ చేసి బ్యాటరీకి మీటర్ పెట్టాడు. పన్నెండు వోల్టుల దగ్గరే ఉంది, పద్నాలుగు రావాలి. ఇంజన్ ఆపి బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఎర్త్ వైర్లు విప్పి తుప్పు గీకి బిగించి మళ్లీ స్టార్ట్ చేశాడు. తేడా లేదు. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కాడు. ముల్లు ఎగిరి పద్నాలుగులో నిలిచింది, దిగలేదు.

అంటే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. దాన్ని నిద్ర లేపేదే లేదు. చేలగట్ల మీద మెల్లగా పోయే బండిలో అది ఎప్పటికీ లేవదు.

ఇంజన్ ఆపి, తాళం తిప్పి మాత్రం ఉంచాడు. డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలగాలి. వెలగలేదు.

అక్కడే బానెట్ మూసేయొచ్చు. పద్నాలుగు చూపించి పంపిస్తే పదిహేను రోజుల్లో పెద్దాయన మళ్లీ వస్తాడు. చెల్లసామి చెయ్యి కాసేపు బానెట్ మీదే ఉండిపోయింది. తర్వాత సిగ్గేసి డాష్‌బోర్డు వెనక తడిమాడు. హోల్డర్ ఖాళీ.

"మామా, ఈడ బల్బు యాడబోయె?"

"అదా! సేనుకాడ అమ్మవారికి కరెంటు లేదు గదా. ఆర్నెల్ల కిందట ట్రాక్టరు పాత బ్యాటరీ పెట్టి, ఆ బల్బుకు ఎర్ర కాయితం సుట్టి ఎలిగించినా. బండికి దాంతో ఏం పని, ఎలిగి ఆరిపొయ్యేదే గదా?"

"దాని గుండానే మామా ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు పొయ్యేది."

"ఓర్నీ! అయితే నా జీపును అమ్మవారు తినిందా?"

"అమ్మవారు తినలేదు. మీరే తినబెడితిరి."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చెల్లసామీ నవ్వాడు. కొత్త బల్బు పెట్టి తాళం తిప్పితే ఎర్రగా వెలిగింది, ఇంజన్ అందుకోగానే ఆరింది. యాక్సిలరేటర్ తొక్కకుండానే మీటర్ పద్నాలుగు చూపించింది.

"సబాష్! ఇంగ రెండేండ్లు నీ మొగం సూసే పని లేదు" అంటూ పెద్దాయన సీటెక్కాడు.

"వొచ్చే నెల ఒకసారి రాండి మామా. బెల్టు సూడాల."

"బెల్టు బాగుందని ఇప్పుడేగదా సూస్తివి?"

చెల్లసామి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్లీ తుడిచాడు.

"పని లేకపోయినా రాండి."

"పని లేకుండా మెకానిక్ కాడికి ఎవుడొస్తాడప్పా!" పెద్దాయన నవ్వుతూ గేరు వేశాడు.

జీపు ఎక్కడా దగ్గకుండా రోడ్డెక్కింది. కళుగుమలై మలుపు తిరిగేదాకా చెల్లసామి చూస్తూ నిలబడ్డాడు. అది మళ్లీ ఆగదని అతనికి బాగా తెలుసు.