అరుగు మీద వలముక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అజ్మాన్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ సొంత తమ్ముడి మీద అంత కోపం రావడం మాత్రం అదే మొదలు. వాడు అబుదాబీ పక్కన ముసఫ్ఫాలో పరంజాలు కట్టే పని చేస్తాడు. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, మనూరికి ఇసక కంపెనీ వత్తంది. నాకు ఉజ్జోగం ఇత్తామన్నారు. నేను సరేనన్నాను, ఖలాస్, అయిపోయింది," అన్నాడు. ఏదో కొత్త చొక్కా కొనుక్కున్నానని చెప్పినంత తేలిగ్గా అన్నాడు.

మా ఊరు గోదారి సముద్రంలో కలిసే చోట, మొగ దగ్గర ఉంటుంది. ఒక పక్క మడ అడవి, ఇంకో పక్క ఇసుక దిబ్బలు, మధ్యలో మా ఇళ్ళు. ఏటా గోదారికి ఎర్రనీరు తగిలేసరికి సముద్రంలోని విలస చేప మా మొగలోంచే లోపలికి దూరుతుంది. నీటికి ఎదురెక్కి, పైకెళ్ళి గుడ్లు పెడుతుంది. అలా ఎదురెక్కిన దాన్నే లోకమంతా పులస అని లొట్టలేసుకుంటూ తింటుంది. కంపెనీ కన్ను మాత్రం మా దిబ్బల మీద పడింది. ఆ నల్ల ఇసుకలో ఏవో ఖనిజాలున్నాయట, తవ్వి తీసుకుపోతారట. నాన్న రోజుల్లో ఒక తుఫానుకి దిబ్బ తెగితే మొగ పూడిపోయి, కొన్నేళ్ళ పాటు చేప లోపలికే రాలేదు. ఆ కరువు ఊరంతా అనుభవించింది. తుఫాను తెంపింది ఒక్క దిబ్బనే, వీళ్ళు అన్నింటినీ తవ్వుతామంటున్నారు.

"ఒరేయ్, నీకు బుద్ధుందా? ఎవర్నడిగి సరేనన్నావు?" అని అరిచాను. వార్డులో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయాను.

"నన్ను నేను అడుక్కున్నాను," అని పెట్టేశాడు. కోపంలో మా ఇంటివాళ్ళమందరం ఒకటే.

వాడికి ఇల్లు చేరడం ఎంత అవసరమో నాకు తెలియక కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచి వాడూ మరదలూ కలిసి ఉన్నది సెలవుల్లోనే. కంపెనీ మనిషి ఒకడు ముసఫ్ఫా దాకా వచ్చి, మా ఊరి కుర్రాళ్ళందరినీ కూర్చోబెట్టి బిర్యానీ పెట్టి, అరచేతిలో వైకుంఠం చూపించాడట. మీ ఊళ్ళోనే పని, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు అన్నాడట. మిగతావాళ్ళు బిర్యానీ తిని చేతులు కడుక్కున్నారు. మావాడొక్కడే ఊళ్ళో పెద్దాయనకి ఫోన్ చేసి, తన మాట కంపెనీ వైపే అని చెప్పేశాడు.

ఆ ఒక్క మాటతో ఏం ముంచుకొస్తుందో తెలియాలంటే మా అలివి వల గురించి చెప్పాలి. ఒడ్డు నుంచి సముద్రంలోకి వదిలి, రెండు వైపులా ఊరంతా పట్టి లాగే పెద్ద వల అది. ఆ వల ఏ ఒక్కరిదీ కాదు. ఇంటికో ముక్క చొప్పున తెచ్చి, కలిపి కుడితే అయ్యేది. మనిషి దుబాయ్‌లో ఉన్నా, మంచాన పడినా, వాళ్ళ ముక్క నీళ్ళలోకి దిగిందంటే ఆ ఇంటికి చేపల్లో వాటా వస్తుంది. ముక్క ఉన్న ప్రతి ఇంటికీ ఊరి విషయాల్లో ఒక మాట ఉంటుంది. అందరి మాటా ఒకటైతేనే అది ఊరి మాట. అమ్మానాన్నా పోయాక మా ఇంటి ముక్క, మా ఇంటి మాట తమ్ముడివి. కూతురికి ఉండవు. ఆ రివాజు మీద నాకు చిన్నప్పటి నుంచీ మంటే, కానీ ఇప్పుడు దాంతో దెబ్బలాడే సమయం కాదు.

కంపెనీకి అనుమతి ఇచ్చే ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణకి అధికారులు వచ్చేలోగా ఊరు ఒక్క మాట మీదికి రావాలి. ఒక్క ఇల్లు అటు తిరిగినా, ఊళ్ళో సగం మంది మా వైపే అని కంపెనీ చాటుకుంటుంది. ఆ వారం సెలవు రోజున బస్సెక్కి అబుదాబీ వెళ్ళాను. వాడుండే కార్మికుల క్యాంపు లోపలికి ఆడవాళ్ళని రానివ్వరు కాబట్టి మేమెప్పుడు కలిసినా గేటు బయటి కెఫటేరియాలోనే. వాడు కరక్ చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు కానీ నా మొహం చూడలేదు.

"దిబ్బలు పోతే మొగ పూడిపోద్ది. మొగ పూడిపోతే ఊళ్ళో ఏం తింటారు రా?" అన్నాను.

"ఉజ్జోగం చేసుకు తింటారు."

"ఆ ఇసక అయిపోయాక? కంపెనీ మూటా ముల్లే సర్దుకున్నాక?"

"అప్పటి సంగతి అప్పుడు సూసుకుందాం. అక్కా, నువ్వు ఏసీలో నిలబడి సూదులేత్తావు. నేను ఎండలో ఆ ఎత్తు మీద ఏలాడతన్నాను. నాక్కూడా పెళ్ళాం చేతి కూడు తినాలని ఉంటదా, ఉండదా?"

కళ్ళనీళ్ళు వచ్చేశాయి, దాచుకోలేదు. అయినా లేచి వస్తూ చెప్పాను, "ఉంటది రా. అయినా సరే, వద్దంటున్నాను. రేపూ వద్దంటాను, ఎల్లుండీ వద్దంటాను. నువ్వు తిట్టుకో."

అన్నంత పనీ చేశాను. రోజూ డ్యూటీ దిగగానే వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని. ఒకరోజు బతిమాలేదాన్ని, ఒకరోజు తిట్టేదాన్ని. వాడు వినేవాడు, జవాబిచ్చేవాడు కాదు. మా ఫ్లాట్‌లో ఉండే కేరళ సిస్టర్ ఒకామె, "మీరు మీ దేవుడితో కూడా ఇలాగే మాట్లాడతారా?" అని నవ్వేది. అవునన్నాను. అబద్ధం కాదు.

అప్పుడు ఊళ్ళో పెద్దలు ఒక పని చేశారు. కోపంతోనో, శిక్షగానో చేసింది కాదు. వేరే దారి చూసుకున్నవాళ్ళ ముక్కని విప్పి మర్యాదగా ఇంటికి చేర్చడం మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మా ముక్క కుట్లు విప్పి, ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చి మా అరుగు మీద ఉంచారు. మధ్యలో ముక్క పోయిన వల నీళ్ళలోకి దిగదు. మరెవరైనా కొత్త ముక్క అల్లి ఇస్తే అతకొచ్చు. కానీ మా నాన్న ముక్క ఉన్నచోట తమది పెట్టడానికి ఒక్క ఇల్లూ ముందుకు రాలేదు. సరిగ్గా చేపలు పడే రోజుల్లో ఊరి వలంతా ఒడ్డున ఉండిపోయింది.

మరదలు మా ఇద్దరికీ కలిపి వీడియో కాల్ చేసింది. ఫోన్ అరుగు వైపు తిప్పింది. నీలిదారం వల చక్కగా మడతపెట్టి ఉంది.

"ఇదేంటి? ఇదెందుకు ఇప్పేశారు?" తమ్ముడు ఫోన్‌లోకి వంగి అడిగాడు. "నేను ఉజ్జోగానికి సరేనన్నాను గానీ వలలోంచి ఎల్లిపోతానన్నానా?"

"రెండూ ఒకటే కదయ్యా," అంది మరదలు. "దిబ్బలు తవ్వేత్తే వల ఎక్కడ లాగుతారు?"

వెర్రిబాగులవాడు! కంపెనీలో జీతం తీసుకుంటూ సాయంత్రం ఒడ్డుకెళ్ళి వల లాగొచ్చనుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న వల కాబట్టి, అది ఎప్పుడూ అక్కడే ఉంటుందని నమ్మేశాడు. మా ఊళ్ళో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ అలా అనుకోరు.

వాడు ఆ కాల్‌లోనే పెద్దాయన్ని కలిపాడు. నేను గట్టిగా పెదవి బిగబట్టి కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది లేదు.

"పెదనాన్నా, నా ముక్క కుట్టేయండి."

"ఆలోచించే అంటున్నావా? మళ్ళీ ఇటూ అటూ అయితే బాగోదు, అబ్బాయ్."

"ఆయ్, ఆలోచించాను. కుట్టేయండి."

మరదలు ఫోన్ పెట్టేసింది. నాకు సంతోషంతో ఎగరాలనిపించింది, అంతలోనే మరదలు గుర్తొచ్చింది. మొగుడు ఇంటికొస్తాడని అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆ పిల్లే. తర్వాత నేను ఫోన్ చేస్తే, "తర్వాత మాటాడతాను వదినా," అని ముక్తసరిగా అని పెట్టేసింది. నా మీద కోపం వచ్చిందనుకున్నాను. వచ్చినా న్యాయమే. పాపం, ఆ పిల్ల సంసారాన్నే కదా నేను పణంగా పెట్టమన్నది!

ప్రజాభిప్రాయ సేకరణ రోజున నేను సెలవు పెట్టాను. తమ్ముడు ముదీర్‌ని, అదే వాళ్ళ మేనేజర్ని, బతిమాలుకుని పూటపని మానేశాడు. పొద్దున్నే అదే కెఫటేరియాలో, అదే బల్ల దగ్గర, ఒక్క ఫోన్ ముందు ఇద్దరం తలలు ఆనించి కూర్చున్నాం. ఊళ్ళో ఎవరో లైవ్ పెట్టారు. బడి ఆవరణలో షామియానా, అధికారుల కుర్చీలు, పక్కన కంపెనీ వాళ్ళు, చుట్టూ పోలీసులు. ఒక్కొక్క ఇంటి మనిషీ లేచి, మైకు పట్టుకుని, మాకు వద్దు అంటున్నారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు అరుస్తున్నారు. మా ఇంటి తరఫున పెద్దాయన చెప్తారని ముందే అనుకున్నాం.

పెద్దాయన లేవలేదు. మరదలు లేచింది. నలుగురిలో నోరెత్తి ఎరగని పిల్ల, కొంగు నడుముకి దోపుకుని మైకు దగ్గరికి వచ్చింది. తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మా ఆయన అబుదాబీలో ఉన్నారండి," అంది. "మాకు ఈ కంపెనీ వద్దండి."

అధికారి మంచిగానే అడిగాడు, "మీ ఆయనకి ఇక్కడే ఉద్యోగం ఇస్తామంటున్నారు కదమ్మా? ఆయన మీ దగ్గరికి రావడం మీకిష్టం లేదా?"

మరదలు మైకుని రెండు చేతులతో పట్టుకుంది. ఫోన్‌లో సముద్రం హోరు వినిపిస్తోంది.

"రావాలండి. రోజూ దేవుణ్ణి అదే అడుగుతాను," అంది. "ఆయన దిగొచ్చేసరికి ఊరుండాలి కదండీ. ఊరే లేకపోతే నా మొగుడు ఎక్కడికి రావాలండి?"

తమ్ముడు ఫోన్ నా చేతికిచ్చి బల్ల మీద తల వాల్చేశాడు. పక్కవాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు, వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను వాడి వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. షామియానాలో ఆ తర్వాతి ఇంటి మనిషి లేచి మైకు అందుకున్నాడు.