సుగిమోరి గారి మెచ్చుకోలు

జపాన్‌లోని షిబాతా ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే వంటశాల ఒకటుంది. సుగిమోరి తోషియే అక్కడ ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. పొద్దున్నే ఎనిమిది వందల మందికి సూప్ కాచి, పళ్లేలు కడిగి, రెండింటికల్లా రబ్బరు బూట్లు విప్పి ఇంటికి పోయే మనిషి. ఆవిడ పేరు వింటే టీవీలో కథలు రాసేవాళ్లకు చెమటలు పడతాయంటే ఆ వంటశాలలో ఎవరూ నమ్మరు.

అదంతా ‘ఉత్తర నౌక’ వల్ల వచ్చింది. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ కథ అది. భాగానికీ భాగానికీ మధ్య ఏళ్ల తరబడి ఆగుతూ, శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చేది. మొదటి భాగం నాలుగో వారంలో చనిపోయిన కెప్టెన్ తల్లి, ముప్పై ఒకటో వారంలో కొడుక్కి ఫోన్ చేసింది. తోషియే ఊరుకోలేక ఒక పత్రికకు ఉత్తరం రాసింది. అది అచ్చయింది. చదివినవాళ్లు నలుగురు పక్క పట్నం నీగాతా నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అభిమానుల సంఘం అలా మొదలైంది. వాళ్లు నెలనెలా జిరాక్సు తీసి పంచే పత్రిక పేరు ‘పగుళ్లు’. పదిహేనేళ్లలో తోషియే అందులో నాలుగు వందల పైచిలుకు తప్పులు ఎత్తి చూపింది. సంఘంలో చిన్నవాళ్లు ఆవిణ్ణి బడిపంతుల్ని పిలిచినట్టు ‘సెన్సే’ అని పిలుస్తారు.

ఆవిడకు అందరికంటే ఇష్టమైనవాడు ఓడలో ఇంజనీరు డోయి. అగ్నిప్రమాదంలో గొంతు పోయి మూగవాడయ్యాడు. తోషియే తండ్రి గొంతు కూడా పోయింది; కాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. తెర మీద డోయి కనబడగానే ఆయన బల్ల మీద రెండుసార్లు తట్టేవాడు. మూడో భాగం మొదలయ్యే ముందు, మార్చిలో ఆయన పోయాడు.

అక్టోబరులో మూడో భాగం పంతొమ్మిదో వారం వచ్చింది. డోయి సొంత ఊరికి చేరాడు. తలుపు తీసి, చీకటి వసారాలో చెప్పులు విప్పుతూ, లోపలున్న భార్యతో, “ఇదుగో, వచ్చేశాను” అన్నాడు. ఆపరేషన్ జరగలేదు, యంత్రమేదీ పెట్టలేదు. గొంతు ఎలా వచ్చిందని భార్య కూడా అడగలేదు.

తోషియే చెయ్యి అలవాటుకొద్దీ పెన్సిలు అందుకుంది, కానీ ఒక్క ముక్క రాయలేదు. తండ్రి గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని ఆర్నెల్లుగా ప్రయత్నిస్తోంది. ఎంతకీ దొరకని ఆ గొంతు, పని నుంచి వచ్చి గడపలో పలికే ఆ మాట, ఇప్పుడు చెవిలో వినబడింది. ప్రకటనలన్నీ అయిపోయేదాకా ఏడ్చింది.

మర్నాడు వాడలోని సమాజ భవనం మేడమీద గదిలో సంఘం కూడింది. బార్లీ టీ, బియ్యపు అప్పడాలు నడుమ పెట్టుకుని పన్నెండు మందీ అప్పటికే మండిపడుతున్నారు.

“రెండో భాగంలో పేల్చేసిన గ్రహానికి మూడో భాగంలో సెలవులకెళ్లారు, సరే అన్నాం. ఓడకి మూడు తలుపులు అయిదయ్యాయి, సరే అన్నాం. ఇప్పుడు మూగాడు మాట్లాడాడు!” అన్నాడు అధ్యక్షుడు నెమోతో. ముప్పై ఏళ్లవాడు, టీవీలు అమ్మే కొట్లో పని. “సెన్సే, మీరు చెప్పండి. వాళ్ల తోలు ఒలిచెయ్యండి!”

అందరూ కలాలు పట్టుకున్నారు. తోషియే గొంతు సవరించుకుంది.

“నాకు బాగా నచ్చింది.”

 గది దద్దరిల్లేలా నవ్వారు.

“అబ్బ, ఎంత దెబ్బ కొట్టారండీ! మొహంలో నవ్వు కూడా లేకుండా!”

“వెటకారం కాదు నెమోతో గారూ. నిజంగానే…”

“చాలు సెన్సే, చచ్చిపోతాం!” అంటూ అతను కళ్లు తుడుచుకున్నాడు.

నోటితో కాదు, కాగితం మీద చెప్పాలనుకుంది. నాలుగు రోజులు కూర్చుని రెండు పేజీలు రాసింది. గొంతు ఎందుకు వచ్చిందో చెప్పకపోవడమే మంచిదైందనీ, ఇంటికొచ్చిన మనిషిని ఎవరూ కారణం అడగరనీ రాసింది. తండ్రి మాట మాత్రం రాయలేకపోయింది. నెమోతో ఆ వ్యాసాన్ని మొదటి పేజీలో వేసి, పైన ‘సుగిమోరి గారి కత్తికి తేనె పూత’ అని శీర్షిక పెట్టాడు.

మూడు వారాలకు ఒక పోస్టుకార్డు వచ్చింది. ఆ వారం కథ రాసిన అరిగా అనే అమ్మాయి పంపింది. “మీ వ్యాసం చదివాను. తగిన శాస్తి జరిగింది. ఇంకెప్పుడూ అలా రాయను. క్షమించండి.” తోషియే వెంటనే జవాబు రాసింది: “అమ్మా, నేను మెచ్చుకున్నాను.” రాసిన వాక్యాన్ని చదువుకుంది. అది కూడా వెటకారంలాగే ఉంది. ఎన్ని విధాల మార్చినా అలాగే కనబడింది. చివరికి ఉన్నదున్నట్టు పంపింది. సమాధానం రాలేదు.

ఫిబ్రవరిలో డోయి కథను మళ్లీ అందుకున్నారు. డోయి పక్క మీంచి ఉలిక్కిపడి లేచాడు. ఇంటికి వెళ్లడం, మాట్లాడడం అంతా కలట. మళ్లీ మూగవాడైపోయాడు.

మరుసటి సమావేశానికి నెమోతో క్రీము కేకు తెచ్చాడు. “మన సెన్సే టీవీవాళ్లనే దిద్దించింది!” అన్నాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తోషియే వంగి నమస్కారం చేసింది. చేతికిచ్చిన ముక్క తినేసింది. గోడ మీద గడియారం చూసింది. సమావేశం ముగియడానికి ఇంకా గంటన్నర ఉంది. ‘వచ్చే సంచికకు ఎన్ని పేజీలు రాస్తారు?’ అని నెమోతో అడిగితే, ఎప్పటిలాగే, “నాలుగు” అంది.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సు స్టాపులో మంచు కురుస్తోంది. సంఘంలో అందరికన్నా పెద్దవాడైన క్షురకుడు మినగావా వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు బూట్లతో మంచు తన్నాడు.

“ఒక మాటండీ. ఎవరితోనూ అనకండి. ఆ డోయి మాట్లాడాడు చూశారూ… నాకు నచ్చింది. మా ఆవిడ, నేను ఇద్దరం ఏడ్చాం.”

తోషియే అతనివైపు తిరిగింది. “మరి ఆ రోజు చెప్పలేదేం?”

“చెబుదామనే వచ్చాను. మీరు వెటకారం చేసేసరికి, నన్నూ తిడతారేమోనని ఊరుకున్నాను.”

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కి ముందూ వెనకా సీట్లలో కూర్చున్నారు. అతను దిగాల్సిన చోటు వచ్చేదాకా తోషియే, ‘నాకూ నచ్చింది’ అన్న మాట వెటకారంలా వినబడకుండా ఎలా చెప్పాలా అని చూస్తూనే ఉంది.